పోటు గీతకు ఈవల, ఆవల

కార్తిక మాసం ప్రవేశించిందంటే ఢిల్లీలోని తెలుగువారికి సముద్రం జ్ఞాపకం వస్తుంది. స్వస్థలాలలో తీర్థస్నానాలు, దీపాలు జరిగే ఆ రోజులలోనే ఇక్కడి ఆకాశం బూడిదరంగుకు తిరుగుతుంది. పొద్దెక్కినా సూర్యబింబం కనిపించదు. గొంతు మండుతుంది. వృద్ధులు గడప దాటరాదని వైద్యులు హెచ్చరిస్తారు. ఉద్యోగ జీవితమంతా ఈ నగరంలో గడిపి పదవీ విరమణ చేసినవారు అటువంటి ఉదయాలలోనే శేషజీవితం గురించి ఆలోచిస్తారు. ఎక్కడైనా సముద్రపు ఒడ్డున, రద్దీ లేనిచోట, చల్లని గాలి తగిలే ఒక వసారా ఉంటే చాలునని వారి కోరిక. అది అన్యాయమైన కోరిక ఎంతమాత్రమూ కాదు.

గత శీతాకాలంలో అటువంటి మిత్రులొకరు మా ఇంటికి వచ్చారు. కేంద్ర సచివాలయంలో ముప్పై అయిదేళ్లు దస్త్రాలు నడిపిన మనిషి. విశాఖపట్నం నుంచి భీమునిపట్నం పోయే దారిలో, సముద్రానికి ఎదురుగా ఒక ఫ్లాటును బేరమాడి వచ్చారట. చేతిలో లావుపాటి ఫైలు ఉన్నది. ఈసీ, లింకు దస్తావేజులు, మంజూరైన ప్లాను, రెరా నంబరు, బ్యాంకువారి న్యాయవాది ఇచ్చిన అభిప్రాయం అన్నీ వరుసగా అమర్చి, పేజీలకు అంకెలు కూడా వేశారు.

"కాగితాలన్నీ సరిగ్గానే ఉన్నాయండీ. మీరు కూడా ఒకసారి చూసి పెడితే మా ఆవిడకు ధైర్యం చెబుతాను" అన్నారు.

నేను చివరిదాకా తిరగవేసి, "ఇందులో పోటు గీత ఎక్కడున్నది?" అని అడిగాను.

"పోటు గీత అంటే ఏమిటి?" అన్నారు ఆయన.

ముప్పై అయిదేళ్లు ప్రభుత్వంలో పనిచేసిన వ్యక్తికే ఆ మాట కొత్తగా ఉన్నప్పుడు మామూలు కొనుగోలుదారు సంగతి చెప్పనక్కరలేదు. పున్నమికి, అమావాస్యకు వచ్చే పెద్ద పోటులో సముద్రపు నీరు నేలమీద ఎంతవరకు ఎక్కుతుందో ఆ హద్దే పోటు గీత. మన దేశంలో తీరం వెంబడి ఏ కట్టడం న్యాయసమ్మతమో, ఏది కాదో నిర్ణయించే కొలతలన్నీ ఆ గీత దగ్గర మొదలవుతాయి. అయినప్పటికీ ఆ గీత ఏ దస్తావేజులోనూ కనిపించదు. దాన్ని ఎరుగకుండా ఇల్లు కొన్నవారికి ఏమి జరిగిందో ఆనాడు ఆయనకు చెప్పాను. ఈ వారం పాఠకులకు కూడా అదే చెప్పదలచుకున్నాను.

మరడు కథ

కేరళలోని కొచ్చి నగరానికి దక్షిణపు శివారు మరడు. నగరం నుంచి వచ్చే రోడ్లు కుండనూర్ కూడలి దగ్గర కలుసుకుని, వంతెనల మీదుగా నాలుగు దిక్కులకూ పోతాయి. చుట్టూ సముద్రపు ఆటుపోట్లకు లోబడిన ఉప్పుటేరులు, జలాశయాలు. వీటిని మలయాళీలు కాయల్ అంటారు. గట్ల మీద కొబ్బరితోటలు, నీటిమీద చిన్న పడవలు. నగరానికి చేరువలోనే ఉన్నా నగరపు తొందర లేని చోటు. గల్ఫ్ దేశాలలో జీవితం ధారపోసి తిరిగివచ్చినవారికి, పదవీ విరమణ చేసినవారికి అంతకన్న కావలసిందేముంటుంది? ఆ నీటి అంచున 2006లో నాటి మరడు గ్రామ పంచాయతీ బహుళ అంతస్తుల భవనాలకు అనుమతులిచ్చింది. కాలక్రమాన నాలుగు సముదాయాలు లేచాయి. వాటిలో 340కి పైగా ఫ్లాట్లు ఉండేవి.

ఆ భవనాల పేర్లు గమనించదగినవి. ఒకదాని పేరు హెచ్‌టూఓ, అంటే నీరే. ఇంకొకటి కోరల్ కోవ్, పగడాల అఖాతం. మరొకటి గోల్డెన్ కాయలోరం, అనగా బంగారు కాయల్ గట్టు. నాలుగవది ఆల్ఫా సెరీన్; అందులో నీరు లేకపోయినా ప్రశాంతత ఉన్నది. కొనుగోలుదారులను ఆకర్షించినది నీటికి దగ్గరగా ఉండటమే. చివరకు సర్వోన్నత న్యాయస్థానం తప్పు పట్టినది కూడా నీటికి దగ్గరగా ఉండటాన్నే. ప్రకటన పత్రంలో గుణంగా ముద్రించిన విషయమే తీర్పులో నేరంగా తేలింది.

నిర్మాణం మొదలైన మరుసటి సంవత్సరమే, అంటే 2007లోనే, తీర నియంత్రణ నిబంధనల ఉల్లంఘన జరుగుతున్నదన్న మాట పైకి వచ్చింది. పంచాయతీ బిల్డర్లకు నోటీసులిచ్చింది. బిల్డర్లు హైకోర్టును ఆశ్రయించి స్టే తెచ్చుకున్నారు. కేసు కేసుగానే ఉన్నది, భవనాలు భవనాలుగానే పెరిగాయి. ఏకసభ్య ధర్మాసనం 2012లో, డివిజన్ బెంచి 2015లో బిల్డర్లకే అనుకూలంగా తీర్పులిచ్చాయి. రాష్ట్ర తీర మండల నిర్వహణ ప్రాధికార సంస్థ సుప్రీంకోర్టుకు అప్పీలు చేసింది. ఇంత వ్యాజ్యం నడుస్తున్న కాలంలోనే ఫ్లాట్లు అమ్ముడుపోయాయి. రిజిస్ట్రేషన్లు జరిగాయి. బ్యాంకులు అప్పులిచ్చాయి. విద్యుత్తు వచ్చింది, ఇంటిపన్ను వసూలైంది. ప్రభుత్వంలోని ఒక చేయి ఈ కట్టడం అక్రమమని కోర్టులో వాదిస్తుండగా, రెండవ చేయి అదే కట్టడానికి ముద్రలు వేసి రుసుములు పుచ్చుకున్నది.

ఢిల్లీ తీర్పు

2019 మే 8వ తేదీన జస్టిస్ అరుణ్ మిశ్రా, జస్టిస్ నవీన్ సిన్హాల ధర్మాసనం ఆ భవనాలను నెల రోజులలో కూల్చివేయాలని ఆదేశించింది. మరడు మూడవ తరగతి తీర మండలంలోనిదనీ, అక్కడ అటువంటి నిర్మాణానికి పంచాయతీ తనంతట తాను అనుమతి ఇవ్వజాలదనీ తేల్చింది. అంతకుముందటి సంవత్సరం, 2018 ఆగస్టులో, కేరళను ముంచిన వరదలను కూడా న్యాయమూర్తులు ప్రస్తావించారు. అదుపులేని కట్టడాల ఫలితాన్ని కళ్లారా చూసిన తరువాత ఇంకా ఉపేక్షించలేమన్నది వారి తాత్పర్యం.

తీర్పు న్యాయశాస్త్రం దృష్ట్యా తప్పుపట్టదగినది కాదు. అక్రమం పెద్దదైనకొద్దీ, అందులో నివసించేవారు ఎక్కువైనకొద్దీ అది సక్రమమవుతుందని ఒప్పుకుంటే ఇక ఏ నిబంధనా నిలవదు. అయితే ఈ తీర్పు వెలువడిన వ్యాజ్యంలో కక్షిదారులు ప్రాధికార సంస్థ, పురపాలక సంఘం, బిల్డర్లు. ఆ గోడల మధ్య వంటచేసుకుని, పిల్లలను బడికి పంపుకుంటున్న కుటుంబాలు అందులో లేవు. వారు తరువాత వచ్చి తలుపు తట్టారు. మరడు 2010లోనే పురపాలక సంఘమైనదనీ, కనుక నిబంధనలు సడలే రెండవ తరగతిలోకి రావలెననీ వాదించారు. అనుమతులు ఇచ్చిన నాటికి అమలులో ఉన్న ప్రణాళిక ప్రకారమే చూడాలన్న న్యాయస్థానం వైఖరి మారలేదు. పునర్విచారణ పిటిషన్లు జూలైలో తిరస్కృతమయ్యాయి.

సెప్టెంబరు నాటికి వ్యవహారం పరాకాష్ఠకు చేరింది. ఆదేశాన్ని అమలు జరపనందుకు కేరళ ప్రభుత్వ ప్రధాన కార్యదర్శి స్వయంగా ఢిల్లీకి వచ్చి ధర్మాసనం ఎదుట నిలబడవలసి వచ్చింది. తిరువనంతపురంలో ముఖ్యమంత్రి పినరయి విజయన్ అఖిలపక్ష సమావేశం జరిపారు. ఇతర విషయాలలో ఒకరి ముఖం ఒకరు చూడని పార్టీలన్నీ ఆనాడు ఫ్లాటు యజమానుల పక్షాన నిలిచాయి. అనుమతులిచ్చిన 2006 నుంచి ఆ రోజు దాకా పదమూడేళ్లలో ఆ రాష్ట్రాన్ని రెండు కూటములూ పాలించాయి. ఆ పదమూడేళ్లూ వినిపించని ఏకకంఠం సుప్రీంకోర్టు గడువు విధించిన తరువాత వినిపించింది.

సెప్టెంబరు 26న తెల్లవారుజామున భవనాలకు విద్యుత్తు, నీరు నిలిపివేశారు. మరునాడు సుప్రీంకోర్టు 138 రోజుల కార్యక్రమాన్ని ఖరారు చేసింది. ప్రతి ఫ్లాటు యజమానికీ నాలుగు వారాలలో 25 లక్షల రూపాయల తాత్కాలిక పరిహారాన్ని రాష్ట్ర ప్రభుత్వం ముందుగా చెల్లించి, తరువాత బాధ్యుల నుంచి రాబట్టుకోవాలన్నది. పూర్తి నష్టాన్ని అంచనా వేయడానికి విశ్రాంత న్యాయమూర్తి జస్టిస్ కె. బాలకృష్ణన్ నాయర్ అధ్యక్షతన కమిటీని నియమించింది. అక్టోబరులో పంచాయతీ పూర్వ కార్యదర్శినీ, ఒక బిల్డరునూ అరెస్టు చేశారు.

2020 జనవరి 11, 12 తేదీలలో నాలుగు సముదాయాలనూ పేలుడు పదార్థాలతో కూల్చివేశారు. కట్టడానికి ఏళ్లు పట్టినవి నేలకూలడానికి సెకన్లు మాత్రమే పట్టాయి. దేశమంతా టెలివిజన్‌లో చూసింది. చూసేవారికి అది ఒక వింత. కాయల్ అవతలి గట్టున నిలబడి తమ కిటికీ ఎక్కడుండేదో పోల్చుకోవడానికి ప్రయత్నించినవారికి అది వింత కాదు.

మరుసటి నెలలో నేను కొచ్చి వెళ్లినప్పుడు మరడు చూశాను. ఆకాశాన్ని అంటిన భవనాల స్థానంలో శిథిలాల గుట్టలున్నాయి. మొత్తం 76 వేల టన్నుల పైమాటేనని అంచనా. యంత్రాలు కాంక్రీటును నలగ్గొట్టి ఇనుప ఊచలను వేరు చేస్తున్నాయి. కొబ్బరాకుల మీద సిమెంటు దుమ్ము పేరుకుని ఉన్నది. కాయలోరం పక్కనే ఉన్న అంగన్‌వాడీ భవనం మాత్రం చెక్కుచెదరలేదు. ఇంత పెద్ద విస్ఫోటనంలో ఆ చిన్న పాఠశాలను కాపాడిన నేర్పు ప్రశంసనీయమే. ఆ శ్రద్ధలో కొంత 2006లో చూపి ఉంటే పేలుడు పదార్థాల అవసరమే ఉండేది కాదు గదా అనిపించింది.

గీతను గీసేవారు

ఇప్పుడు ఆ గీత చరిత్రను కొంచెం చూడవలసి ఉన్నది. అది ఈ రాజధానిలోనే పుట్టింది. 1981 నవంబరులో ప్రధాని ఇందిరాగాంధీ తీర రాష్ట్రాల ముఖ్యమంత్రులకు ఒక లేఖ వ్రాశారు. పోటు నీరు చేరే హద్దునుంచి కనీసం 500 మీటర్ల వరకు తీరాన్ని ఎటువంటి కార్యకలాపాలూ లేకుండా ఉంచాలని అందులో కోరారు. లేఖకు చట్టబలం లేదు. పదేళ్ల తరువాత, చంద్రశేఖర్ ప్రభుత్వ కాలంలో, 1991 ఫిబ్రవరి 19న, 1986 నాటి పర్యావరణ పరిరక్షణ చట్టం కింద తీర నియంత్రణ మండల ప్రకటన వెలువడింది. సీఆర్‌జెడ్ అని అధికారులు పిలిచేది దీనినే. సముద్రం వెంబడి 500 మీటర్ల మేర నియంత్రణ. గ్రామీణ ప్రాంతాలలో మొదటి 200 మీటర్లలో కొత్త కట్టడాలు నిషిద్ధం. పట్టణాలలో అప్పటికే ఉన్న రోడ్డుకు, లేదా అనుమతి పొందిన కట్టడాల వరుసకు భూమివైపున మాత్రమే నిర్మాణం. స్థూలంగా నియమాలు ఇవి.

ఆ ప్రకటనను సుమారు ఇరవై అయిదుసార్లు సవరించారు. 2011 జనవరిలో దాని స్థానంలో కొత్త ప్రకటన వచ్చింది. 2014లో శైలేశ్ నాయక్ అధ్యక్షతన నియమితమైన కమిటీ సిఫార్సుల మీద 2019 జనవరి 18న మరొకటి వచ్చింది. ఈ చివరి ప్రకటన ప్రకారం, 2011 జనాభా లెక్కలలో చదరపు కిలోమీటరుకు 2,161 మందికి పైగా ఉన్న గ్రామీణ ప్రాంతాలలో నిషిద్ధ భూమి 200 మీటర్ల నుంచి 50 మీటర్లకు తగ్గిపోయింది. జనసాంద్రత తక్కువైనచోట పాత 200 మీటర్లే ఉన్నాయి. రాష్ట్రాలు తమ తీర ప్రణాళికలను సరిదిద్ది కేంద్రం ఆమోదం పొందేవరకు మాత్రం పాత నిబంధనలే వర్తిస్తాయి.

తేదీలను పక్కపక్కన పెట్టి చూడండి. హద్దును 50 మీటర్లకు కుదించిన ప్రకటన 2019 జనవరిది. 1991 నాటి హద్దును దాటినందుకు మరడు భవనాలను కూల్చమన్న తీర్పు 2019 మే మాసానిది. ఒకే నగరంలో కొద్ది దూరంలో ఉన్న రెండు భవనాలలో, ఒకచోట గీతను వెనక్కి జరిపారు, మరొకచోట ఆ గీతను దాటినవారిని శిక్షించారు. న్యాయస్థానం చేసినది న్యాయమే. ప్రభుత్వం చేసినది దాని అధికారంలోనిదే. ఈ రెండింటి నడుమ సామాన్యుడు అర్థం చేసుకోవలసినది ఏమిటన్నదే ప్రశ్న. అదే కొచ్చిలో, చిలవన్నూర్ జలాశయం ఒడ్డున మరొక పెద్ద సంస్థ కట్టిన భవనాల వ్యవహారం 2018 జనవరిలో కోటి రూపాయల జరిమానాతో ముగిసింది. ఒక గట్టున జరిమానా, ఇంకొక గట్టున డైనమైటు. చట్టం ఒక్కటే అయినప్పుడు దాని బరువు ఇంత వేరుగా ఉండటం చట్టానికి గౌరవం తెచ్చే విషయం కాదు.

తీరాన్ని కొలవడం కూడా అంత తేలిక కాదు. మన దేశపు తీరరేఖ 7,516 కిలోమీటర్లని మనమంతా బడిలో చదువుకున్నాము. ఇటీవల కేంద్రం మళ్లీ కొలిపించగా అది 11,098 కిలోమీటర్లని తేలింది. ఆంధ్రప్రదేశ్ తీరం 974 నుంచి 1,053 కిలోమీటర్లకు పెరిగింది. సముద్రం కొత్తగా వచ్చి చేరలేదు. వంపులను మునుపటికన్న సన్నగా కొలిచారు, అంతే. కొలబద్ద మారితే వేల కిలోమీటర్లు మారే వస్తువు మీద 50 మీటర్లకు, 200 మీటర్లకు మనుషుల జీవితార్జితం ఆధారపడి ఉన్నది.

పైగా సముద్రం తన గీతను తానే జరుపుకుంటున్నది. 1990 నుంచి 2018 వరకు జరిపిన పరిశీలనలో దేశపు ప్రధాన భూభాగ తీరంలో దాదాపు మూడవ వంతు కోతకు గురవుతున్నదని ప్రభుత్వ శాస్త్రజ్ఞులే తేల్చారు. కాకినాడ చేరువలోని ఉప్పాడను ఎరిగిన తెలుగు పాఠకులకు ఈ సంగతి లెక్కలతో చెప్పనక్కరలేదు. కోతను, ఉప్పెనను, సముద్ర మట్టపు పెరుగుదలను లెక్కలోకి తీసుకుని ప్రమాద రేఖ ఒకటి గీయాలని 2011 ప్రకటన నిర్దేశించింది. 2019 ప్రకటన ఆ రేఖను కట్టడాల నియంత్రణ నుంచి విడదీసి, విపత్తు నిర్వహణకు ఉపకరించే సాధనంగా మాత్రమే మిగిల్చింది. అంటే ప్రమాదం ఎక్కడిదాకా వస్తుందో ప్రభుత్వానికి తెలుసు. ఇల్లు ఎక్కడ కట్టవచ్చునో చెప్పేటప్పుడు మాత్రం ఆ తెలివిడితో నిమిత్తం లేదు.

ముందునుంచి ఉన్నవారు

సముద్రపు ఒడ్డున ఇల్లు అనగానే బాల్కనీ, కాఫీ కప్పు, సూర్యోదయం కళ్లకు కడతాయి. ఆ ఒడ్డు ఎవరూ లేని బీడు కాదు. మరడులో శిథిలాలకు కొద్ది దూరాన వల బాగుచేసుకుంటున్న ఒక వృద్ధుడు, నాకు వచ్చిన కొద్దిపాటి తమిళంలో అడిగిన ప్రశ్నలకు ఓపికగా సమాధానాలిచ్చాడు. కూతురి పెళ్లికి ముందు ఇంటికి ఒక గది చేర్చుకుందామని అర్జీ పెట్టుకుంటే, సీఆర్‌జెడ్ ఉన్నది, వీలుకాదన్నారట. ఆ ఇంగ్లీషు అక్షరాలను అతడు స్పష్టంగా పలికాడు. దస్త్రాల భాషలో అతనికి తెలిసినవి ఆ మూడు అక్షరాలే కావచ్చు. ఒక గదికి అడ్డువచ్చిన అక్షరాలు పంతొమ్మిది అంతస్తులకు ఎట్లా అడ్డురాలేదో అతడు నన్ను అడగలేదు. అడిగి ఉంటే చెప్పడానికి నావద్ద జవాబు లేదు.

మరడు తీర్పు తరువాత కేరళ ప్రభుత్వం రాష్ట్రమంతటా తీర నిబంధనల ఉల్లంఘనల జాబితా తయారు చేసింది. వాటి సంఖ్య 26 వేలు దాటింది. ఆ జాబితాలో విలాస గృహాలున్నాయి, విడిది హోటళ్లున్నాయి. తరతరాలుగా అక్కడే పుట్టి, అక్కడే గుడిసెను పెంకుటిల్లుగా మార్చుకున్న మత్స్యకారుల ఇళ్లూ ఉన్నాయి. నిబంధన పుస్తకంలో వీరందరూ సమానులే. న్యాయవాదిని పెట్టుకుని ఢిల్లీ దాకా రాగల శక్తిలో మాత్రం సమానులు కారు. తీరప్రాంతపు మత్స్యకార కుటుంబాల నివాసానికి 2011 ప్రకటన కొన్ని మినహాయింపులు కల్పించిన మాట నిజమే. మినహాయింపు కాగితం మీద ఉండటం వేరు, పంచాయతీ బల్ల మీద దొరకడం వేరు.

మన తీరం మాట

ఇక మన సంగతి. విశాఖ నుంచి భీమునిపట్నం వరకు సాగిన తీరమార్గం దేశంలోని అందమైన దారులలో ఒకటి. ఒకవైపు కొండలు, మరొకవైపు సముద్రం, మధ్య ఎర్రమట్టి దిబ్బలు. ఒకనాటి పల్లెలు నేడు నగరపు శివార్లు. అక్కడ స్థలం కొనాలని ఉత్తరాది నుంచి, హైదరాబాదు నుంచి, అమెరికా నుంచి తెలుగువారు ఉబలాటపడుతున్నారు. అయితే ఆ సముద్రం 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ రూపంలో నగరం మీదికి వచ్చిన సముద్రమే. మన కోస్తా 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనను చూసిన కోస్తాయే. ఆ రాత్రి వేలమంది ప్రాణాలు పోయినప్పుడు నీటికి ఏ ప్రకటనా అడ్డు నిలవలేదు.

నిబంధనల అమలులో ప్రభుత్వాలు తాము ముందు నడిచి చూపుతున్నాయా అంటే, ఋషికొండ ఉన్నది. 2021 తరువాత రాష్ట్ర పర్యాటక శాఖ అక్కడ చేపట్టిన కట్టడాలపై తీర నిబంధనల వివాదం హరిత ట్రిబ్యునల్‌కు, అక్కడినుంచి 2022లో సుప్రీంకోర్టుకు, తిరిగి హైకోర్టుకు నడిచింది. అక్కడి భవనాలు ఎవరికోసమన్న చర్చ 2024 ఎన్నికలలో మారుమోగింది. గీత ఎక్కడున్నదన్న ప్రశ్నను మాత్రం ఆ కోలాహలంలో అడిగినవారు తక్కువ. పార్టీలు మారినా ఈ ప్రశ్న మారదు గనుక పాఠకులు దాన్ని గుర్తుంచుకోవడం మంచిది.

మా మిత్రుని ఫైలులో ఏమి లేదో ఇప్పుడు విప్పి చెబుతాను. ఈసీ అనేది ఆ ఆస్తి మీద నమోదైన లావాదేవీలను చెబుతుంది. సముద్రానికి అది ఎంత దూరమో చెప్పదు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం కింద సబ్ రిజిస్ట్రారు దస్తావేజును నమోదు చేస్తారు. అందులోని కట్టడం సక్రమమని పూచీపడరు. బ్యాంకు న్యాయవాది హక్కు వరుసను పరిశీలిస్తారు. పోటు గీతను కొలవరు. 2016 రెరా చట్టం బిల్డరును రిజిస్టరు చేయించి, అనుమతులను బహిరంగపరచమన్నది. ఆ అనుమతి ఇచ్చినవారికి ఇచ్చే అధికారం ఉన్నదా అన్నది వేరే సంగతి. మరడు కుటుంబాల వద్ద కూడా కాగితాలకు కొరత లేదు. లేనిది ఒక్కటే: రాష్ట్ర తీర మండల నిర్వహణ ప్రాధికార సంస్థ పరిశీలించి ఇచ్చిన అనుమతి.

కనుక తీరం వెంబడి ఇల్లు కొనదలచినవారు మూడు ప్రశ్నలు అడగాలి. ఆ సర్వే నంబరు ఆమోదిత తీర ప్రణాళిక పటంలో ఏ తరగతిలో ఉన్నది? పోటు గీత నుంచి, లేదా ఆటుపోట్లు ఎక్కే ఏటి గట్టునుంచి దాని దూరమెంత? అనుమతి ఇచ్చిన నాటికి అమలులో ఉన్న ప్రకటన ఏది? ఈ మూడింటికి వ్రాతపూర్వకమైన జవాబు రానంతవరకు బయానా ఇవ్వకపోవడం వివేకం.

అయితే ఈ భారమంతా కొనేవారి మీద వేసి ఊరుకోవడం ప్రజాప్రభుత్వ లక్షణం కాదు. నిషిద్ధ భూముల 22ఏ జాబితాను సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో పెట్టగలిగిన రాష్ట్రం పోటు గీతను కూడా అక్కడ పెట్టవచ్చును. ప్రతి తీరగ్రామపు పటంలో ఆ గీతను గీసి, పంచాయతీ గోడమీద తెలుగులో వ్రాసి ఉంచవచ్చును. ఆ నంబరులో దస్తావేజు వ్రాయడానికి వచ్చినవారికి ముందే చెప్పవచ్చును. మత్స్యకారుని గదికి ఉన్న మినహాయింపును అదే గోడమీద వ్రాయవచ్చును. ఇందుకు కొత్త చట్టం అక్కరలేదు. ఢిల్లీలో గీసే గీత ఊరివారికి కనిపించాలన్న సంకల్పం ఉంటే చాలును.

మా మిత్రులు సంక్రాంతికి ఊరు వెళ్లి, ఆ స్థలం మళ్లీ చూసి వచ్చారు. పోటు గీత ఎక్కడున్నదని సంస్థ తాలూకు యువకుణ్ణి అడిగారట. అతడు నవ్వి, ఎదుట విరిగిపడుతున్న అలలవైపు చేయి చూపాడట. ఒడ్డున తెప్పకు తాళ్లు బిగిస్తున్న పెద్దమనిషిని అడిగితే అతడు అలల వైపు చూడలేదట. లేచి, వెనక్కి నడిచి, రోడ్డు దగ్గరిలోని ఒక తాటిచెట్టు మొదలు మీద చేయి వేసి, "పోటు సంగతి ఆఫీసోళ్లకే తెలియాలి బాబూ. హుద్‌హుద్ నాడు నీళ్లు మాత్రం ఇక్కడికొచ్చినాయి" అన్నాడట.

చట్టం ప్రకారం తాటిచెట్టు పోటు గీత కాదు. ఉప్పెన నీటికీ, పున్నమి పోటుకూ తేడా ఉన్నదని మా మిత్రునికి నేనే వివరించాను. ఆయన అంతా విని, ఫైలు మూసి, బయానా సంగతి వేసవి తరువాత చూద్దామని అన్నారు. ముప్పై అయిదేళ్ల అలవాటు చొప్పున పై అట్టమీద ఒక ముక్క వ్రాసుకున్నారు: "ప్రాధికార సంస్థకు ఉత్తరం వ్రాయవలెను." ఆ ఉత్తరం వెళ్లింది. జవాబు కోసం ఆయన ఎదురుచూస్తున్నారు.